జూన్ దాటినా కాసే స్ట్రాబెర్రీ

అమెరికాలో కూతురింటికో కొడుకింటికో వెళ్లిన అమ్మానాన్నలకు ఆ ఆర్నెల్లూ పెరడే లోకం. ఆ పెరట్లో ఇప్పుడు వంగ, గోంగూర మళ్ల పక్కన స్ట్రాబెర్రీ కూడా చోటు చేసుకుంటోంది. అందులోనూ ఒక్కసారి కాసి ఊరుకునే రకం కాదు... విడతలు విడతలుగా మంచు పడేదాకా కాసే 'ఎవర్‌బేరింగ్' రకం! దాన్ని పెంచడమెలా? తిరిగొచ్చేటప్పుడు ఓ పిలక తెచ్చి హైదరాబాద్ కుండీలో నాటితే కాస్తుందా?

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలో తోట సామాన్లు అమ్మే దుకాణాల ముందు మొక్కల ట్రేలు బారులు తీరతాయి. టొమాటో, మిరప నారు పక్కనే స్ట్రాబెర్రీ. ఒక్కో కుండీలో ఓ చిన్న చీటీ గుచ్చి ఉంటుంది. కొన్నిటి మీద 'జూన్ బేరింగ్' అనీ, కొన్నిటి మీద 'ఎవర్‌బేరింగ్' అనీ. చూడ్డానికి రెండూ ఒకటే. అవే మూడేసి ఆకులు, అవే తెల్లటి పూలు. కానీ ఏ చీటీ ఉన్న కుండీని బండిలో పెట్టుకున్నారన్న దాన్నిబట్టే ఆ ఏటి పెరటి కథంతా నడుస్తుంది.

ఎందుకంటే... జూన్ రకం మన బంగినపల్లి లాంటిది. ఏడాదికి ఒక్కసారే కాపు. వేసవి మొదట్లో రెండు మూడు వారాలపాటు బుట్టలు నిండిపోతాయి. తిన్నన్ని తిని, పంచినన్ని పంచి, మిగిలినవి జామ్ చేసి సీసాల్లో పెట్టుకోవాలి. అంతే, మళ్లీ ఏడాది దాకా ఆకులే. పైగా నాటిన మొదటి ఏడు ఆ రకానికి పూలన్నీ తుంచేయాలంటారు, మొక్క బలపడటానికి. ఏప్రిల్‌లో వెళ్లి అక్టోబర్‌లో తిరిగొచ్చే అమ్మ గనక ఆ రకం నాటిందంటే నీళ్లు పోయడం ఆమె వంతు, పండు తినడం వచ్చే ఏడు ఇంకొకరి వంతు!

ఎవర్‌బేరింగ్ అలా కాదు. పునాస మామిడిలా ఏటా ఒకటికి మించిన కాపులు. నాటిన ఏడే పండు చేతికొస్తుంది.

అయితే ఆ 'ఎవర్' అన్న మాటలో కొంచెం గొప్పలు లేకపోలేదు. నిత్యమల్లిలా రోజూ పూస్తుందనుకుంటే నిరాశే. నిజానికి ఆ చీటీ కింద రెండు రకాలు అమ్ముడవుతుంటాయి. పాతకాలపు ఎవర్‌బేరింగ్ రకాలు రెండు విడతల్లో కాస్తాయి... వేసవి మొదట్లో ఒకటి, వేసవి చివర్లో ఒకటి. ఓజార్క్ బ్యూటీ, క్వినాల్ట్ వంటివి ఈ కోవలోవి. రెండో రకాన్ని 'డే న్యూట్రల్' అంటారు. అంటే పగటి పొడవుతో పనిలేనివన్నమాట. ఎండ మరీ ముదరనంత కాలం ఇవి పూస్తూ కాస్తూనే ఉంటాయి. సీస్కేప్, ట్రైస్టార్, ఆల్బియన్ అటువంటివి. దుకాణాల వాళ్లు ఈ తేడాని పెద్దగా పట్టించుకోరు, రెండిటికీ ఒకే చీటీ గుచ్చేస్తారు. కాబట్టి ఆ పెద్దక్షరాల కింద చిన్నక్షరాల్లో ఉండే రకం పేరు చదవడం మంచిది. చల్లటి ఊళ్లో ఉండి, కొంచెం కొంచెంగా ఎక్కువ రోజులు తినాలనుకునేవాళ్లకి డే న్యూట్రలే మేలు.

కొండమీది మగ మొక్క

స్ట్రాబెర్రీకీ గడియారం ఉంటుంది. సియాటెల్‌లో జూన్‌లో పగలు 16 గంటలు, డిసెంబర్‌లో ఎనిమిదిన్నరే. జూన్ రకం మొక్క ఈ తేడాని పసిగడుతుంది. పగలు కురచై, చలి మొదలయ్యే రోజుల్లో మొవ్వులో పూమొగ్గలు కట్టుకుంటుంది. చలికాలమంతా నిద్రపోయి, వసంతంలో ఆ మొగ్గలు విప్పుతుంది. పగలు పొడవుగా ఉన్న వేసవిలో కొత్త మొగ్గ కట్టదు. అందుకే ఒకే కాపు.

ఈ గడియారం ఖాతరు చేయని మొక్క అమెరికాలో మొదట కంటపడింది 1898లో. న్యూయార్క్ రాష్ట్రంలో శామ్యూల్ కూపర్ అనే ఆయన తోటలో బిస్మార్క్ అనే మామూలు రకం మొక్కల మధ్య ఒక్కటి మాత్రం కాలం కాని కాలంలో పూసి కాసింది. అదేదో తెగులనుకుని పీకి పారేయకుండా, దాని పిలకలు తీసి పెంచాడాయన. 'పాన్ అమెరికన్' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత అక్కడ వచ్చిన పాతకాలపు ఎవర్‌బేరింగ్ రకాలు చాలావాటికి అదే ముత్తవ్వ.

డే న్యూట్రల్ కథ ఇంకా చిత్రం. 1950ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ యూటా రాష్ట్రంలోని వాసాచ్ పర్వతాల్లో ఓ అడవి స్ట్రాబెర్రీ మొక్కను చూశాడు. అది మగ మొక్క, దానికెటూ పండు కాయదు. కానీ పగటి పొడవుతో నిమిత్తం లేకుండా పూసే గుణం దానిలో ఉంది. ఆ గుణాన్ని తోట రకాల్లోకి ఎక్కించడానికి ఆయనా, సహచరుడు విక్టర్ వోత్ తరం తర్వాత తరంగా సంకరం చేస్తూ పోయారు. రెండు దశాబ్దాలకు పైగా పట్టింది! 1970ల చివర్లో గానీ ఆప్టోస్, బ్రైటన్, హెకర్ అనే తొలి రకాలు బయటికి రాలేదు. 2004లో అదే విశ్వవిద్యాలయం నుంచి ఆల్బియన్ వచ్చింది. పొడుగ్గా, గట్టిగా, లోపలిదాకా ఎర్రగా ఉండే పండు. ఇప్పుడు ఇళ్లలో పెంచేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేర్లలో అదొకటి.

టొమాటో మడి వద్దు

మనవాళ్ల పెరట్లో స్ట్రాబెర్రీకి ఓ ప్రత్యేకమైన గండం ఉంది. అదేంటంటే మన కూరగాయలే! ఏ తెలుగింటి పెరడు చూసినా నిరుడు టొమాటో, వంగ, మిరప పెరిగిన మళ్లే కనిపిస్తాయి. ఈ ఏడు అందులో ఒకటి ఖాళీగా ఉంది కదా అని స్ట్రాబెర్రీ నాటేస్తారు. వంగ కుటుంబపు మొక్కల వేళ్లను పట్టే వెర్టిసిలియం అనే శిలీంద్రం ఏళ్ల తరబడి మట్టిలోనే దాక్కుని ఉంటుంది. అది స్ట్రాబెర్రీకీ శత్రువే. పక్క ఆకులు ఒక్కొక్కటిగా వాడి, అంచులు మాడి, మొక్క చతికిలబడుతుంది. నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు, అది ఇంకా కూలబడుతుంది. టొమాటో, వంగ, మిరప, బంగాళాదుంప వేసిన చోట కనీసం మూడు నాలుగేళ్లదాకా స్ట్రాబెర్రీ నాటొద్దన్నది అక్కడి వ్యవసాయ విస్తరణ విభాగాలు చెప్పే మొదటి మాట. వేరే చోటు లేకపోతే కొత్త మట్టి నింపిన చెక్క తొట్టెల్లోనో, కుండీల్లోనో పెంచుకోవాలి. ఈ తెగులును తట్టుకునే గుణం ఆల్బియన్‌కి బాగానే ఉంది. అయినా తెలిసి తెలిసి పాము పుట్ట పక్కన మంచం వేసుకోవడమెందుకు?

రోజుకి ఆరు గంటలకు తగ్గకుండా ఎండ తగలాలి. నీళ్లు నిలవని చోటు కావాలి. మట్టి కాస్త ఆమ్లగుణంతో, అంటే ఉదజని సూచిక 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. మొక్కలు రెండు రకాలుగా దొరుకుతాయి. కుండీలో పెరిగినవి ఒకటి. మట్టి దులిపేసి, ఎండు వేళ్ల గుత్తిలా కట్టలు కట్టి అమ్మేవి రెండోది. తరచూ పాతికేసి మొక్కల కట్టలు వస్తాయి. చూస్తే చచ్చిన చీపురుకట్టలా ఉంటాయి గానీ భయపడక్కర్లేదు. ఓ గంటలోపు నీళ్లలో నానబెట్టి నాటితే, రెండు మూడు వారాల్లో పచ్చగా చిగురిస్తాయి.

నాటడంలో కిటుకంతా మొవ్వు దగ్గరే ఉంది. వేళ్లకీ ఆకులకీ మధ్య బుడిపెలా ఉండే భాగమది. దాన్ని మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది, బాగా పైకి ఉంచితే వేళ్లు ఎండిపోతాయి. మొవ్వు సగం లోపల, సగం బయట ఉండాలి. వేళ్లను మడవకుండా విసనకర్రలా విప్పి కిందికి దింపాలి. మొక్కకీ మొక్కకీ మధ్య అడుగు దూరం చాలు. వారానికి అంగుళం, అంగుళంన్నర వాన కురిస్తే ఎంత తడి ఉంటుందో అంత తడి అందాలి. నీళ్లు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద కాదు. ఎరువు నెలకోసారి కొద్దిగా. నత్రజని ఎక్కువైతే ఆకులు తామరాకుల్లా కళకళలాడతాయి, పండ్లు మాత్రం మెత్తబడి పాడవుతాయి.

మొక్కల కింద ఎండుగడ్డి పరవడం మరచిపోవద్దు. నేల చల్లగా ఉంటుంది. పండు మట్టికి తగలదు. ఇంగ్లిషు వాళ్లు ఆ పేరు పెట్టింది ఈ 'స్ట్రా' వల్లేనని చాలామంది చెబుతారు గానీ, ఆ పేరు గడ్డి పరిచే అలవాటు వల్లే వచ్చిందనడానికి గట్టి ఆధారం లేదు.

పూలు తుంచే ఆరు వారాలు

ఇక అందరికీ మనసొప్పని పని. నాటిన నెల తిరక్కుండానే మొక్క పూస్తుంది. మొదటి పువ్వు చూసి ఇంటిల్లిపాదీ ఫొటోలు తీస్తారు. ఆ పువ్వుని తుంచేయాలి! ఆ ఒక్కటే కాదు, మొదటి ఆరు వారాల్లో వచ్చే ప్రతి పువ్వునీ. వేళ్లు నిలదొక్కుకోక ముందే కాయ మోస్తే మొక్క అక్కడికక్కడే ఆగిపోతుంది. వేసవంతా చిన్నచిన్న కాయలతోనే సరిపెడుతుంది. 'పసిబిడ్డ నెత్తిన బిందె పెట్టినట్టే' అని ఓ పెద్దావిడ అన్నారు గానీ, తుంచే పని మాత్రం అల్లుడికి అప్పజెప్పి తను లోపలికెళ్లిపోయారట.

జూన్ రకానికైతే ఏడాదంతా తుంచాలి. దీనికి ఆరు వారాలే, అదే తేడా. ఏప్రిల్ చివర్లో నాటితే జూన్ మధ్యలో తుంచడం ఆపేయొచ్చు. పువ్వు పండు కావడానికి సుమారు నెల. అంటే జూలై నుంచి పళ్లు మొదలై, మంచు పడే అక్టోబర్ దాకా విడతలుగా వస్తూనే ఉంటాయి. మరుసటి ఏడు ఈ తుంచే పని ఉండదు.

పూలతో పాటు పాకే తీగలు కూడా వస్తుంటాయి. ఒక్కో తీగ కొసన ఒక్కో పిల్ల మొక్క. ఉచితంగా మొక్కలొస్తున్నాయి కదా అని సంబరపడితే తల్లి బలమంతా అటే పోతుంది. మొదటి ఏడు వాటిని కత్తిరించేయడమే మంచిది. అదృష్టమేంటంటే ఎవర్‌బేరింగ్ రకాలు జూన్ రకాలంత విరివిగా తీగలు వేయవు.

ఎంత కాపు రావచ్చు? పాతిక మొక్కలుంటే నలుగురున్న ఇంటికి రెండు మూడు రోజులకోసారి ఓ గిన్నెడు పళ్లు రావచ్చు. జామ్ చేసే సరుకు కాదిది. పొద్దున్నే మనవడి చేయి పట్టుకుని పెరట్లోకెళ్లి, ఆకులెత్తి వెతికి కోసుకునే సరుకు. పచ్చిగా కోసి బియ్యంలో మాగబెడదామంటే కుదరదు. కోశాక స్ట్రాబెర్రీకి రంగు వస్తుందేమో గానీ తీపి పెరగదు. తొడిమ దాకా ఎర్రబడ్డాకే కోయాలి.

అంతదాకా పక్షులు ఊరుకుంటాయా అంటే, ఊరుకోవు. పండు రంగు తిరక్కముందే వల కప్పాలి. రాత్రిపూట గుల్లలేని నత్తలు వచ్చి పండుకి బొక్కలు పెడతాయి. వీటన్నిటికన్నా చిన్నదీ చెడ్డదీ మరొకటుంది. 2008లో అమెరికా ప్రధాన భూభాగంలో, కాలిఫోర్నియాలో మొదట కనిపించిన ఓ పండు ఈగ. మామూలు పండు ఈగలు కుళ్లిన వాటి మీద వాలతాయి. ఇది మాత్రం బాగున్న పండుకే చిల్లు చేసి గుడ్లు పెడుతుంది. జూన్‌లో కాసే రకాలు దీని ఉద్ధృతికి ముందే ఒడ్డున పడతాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో కాసే మన రకమే దీని చేతికి చిక్కుతుంది. పొడవైన కాపుకి చెల్లించే పన్ను అనుకోవాలి. రెండు రోజులకి మించి పండుని మొక్క మీద ఉంచకపోవడం, కోసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం, రాలిన పండుని అక్కడే వదిలేయకపోవడం... ఇంట్లో పెంచేవాళ్లకి ఇంతకన్నా మంచి మందు లేదు.

చలికాలం ముందు, నాలుగైదు రాత్రులు నేల గట్టిగా గడ్డకట్టాక మూడు నాలుగు అంగుళాల మందాన గడ్డి కప్పేస్తే మొక్కలు వసంతం దాకా పడుకుంటాయి. ఇలా రెండు మూడేళ్లు కాశాక కాయ సైజు తగ్గిపోతుంది. అప్పుడు తీసేసి వేరే చోట కొత్తవి నాటుకోవడమే.

సూట్‌కేసులో పిలక

అక్టోబర్ వస్తుంది. తిరుగు ప్రయాణం. సూట్‌కేసు సర్దేటప్పుడు చాలామంది అమ్మల మనసులో మెదిలే ఆలోచన ఒక్కటే. 'ఓ నాలుగు పిలకలు తడిగుడ్డలో చుట్టి పట్టుకుపోతే?'

పట్టుకుపోకూడదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుల ప్రకారం దిగుమతి పర్మిట్టూ, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రమూ లేకుండా నాటే మొక్కల్ని మన దేశంలోకి తేవడం కుదరదు. విమానాశ్రయంలో దొరికితే లాక్కుంటారు. ఆ పిలకతోపాటు మనకు లేని తెగులో, ఆ ఈగో దిగితే అనుభవించేది రైతులు.

సరే, ఆ రకమే ఇక్కడ ఎవరో అమ్ముతున్నారనుకుందాం. ఇంటర్నెట్‌లో 'ఏడాది పొడవునా కాసే స్ట్రాబెర్రీ' అన్న ప్రకటనలకి కొదవలేదు. కొని హైదరాబాద్ మేడ మీద పెడితే ఏమవుతుంది? ఏప్రిల్, మే ఎండలకి ఆగిపోతుంది. డే న్యూట్రల్ రకం పగటి పొడవుని పట్టించుకోదు గానీ వేడిని పట్టించుకుంటుంది. పగలు 30 డిగ్రీలు దాటితే పూమొగ్గ కట్టడం తగ్గిపోతుంది, రాత్రుళ్లు కూడా వేడిగా ఉంటే దాదాపు మానేస్తుంది. ఆ మాటకొస్తే అమెరికాలోనూ డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఈ రకం వేసవిలో కలిసిరాదు. అక్కడి ఎండా మన ఎండలాంటిదే. అందుకే టెక్సాస్‌లో స్ట్రాబెర్రీని చాలామంది అక్టోబర్, నవంబర్‌లలో నాటి, వసంతంలో కోసుకుని, ఎండలు ముదిరాక పీకేస్తారు. అదీ 'జూన్' జాతి రకాలతోనే!

మనకీ దారి అదే. హైదరాబాద్‌లో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు 13 గంటల పైచిలుకు, కురచ పగలు 11 గంటల పైచిలుకు. సియాటెల్‌లా 16 గంటలు ఎప్పుడూ పోదు. అంటే జూన్ రకాలని అక్కడ వేసవిలో ఆపే గడియారం ఇక్కడ అసలు అడ్డే కాదు. మనల్ని ఆపేది వేడి ఒక్కటే. దానికి ఎవర్‌బేరింగ్ రకం దగ్గరా మందు లేదు. అక్కడ చీటీ మీద ఎక్కువ ధర పలికినా తప్పులేని ఆ గుణం మన కుండీలోకొచ్చేసరికి అక్కరకు రాదన్నమాట. ఇక్కడ కావాల్సింది చలికాలంలో త్వరగా కాపుకొచ్చే రకం. మహాబలేశ్వర్ రైతులు పెంచే స్వీట్ చార్లీ, వింటర్ డాన్ అటువంటివే. రెండూ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తయారుచేసినవి. ఫ్లోరిడాలోనూ స్ట్రాబెర్రీ చలికాలపు పంటే కదా! అల్లూరి సీతారామరాజు జిల్లాలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి దగ్గర రైతులు స్ట్రాబెర్రీ పండిస్తున్నదీ ఈ చలికాలపు లెక్కతోనే. డిసెంబర్, జనవరిలో మంచు చూడ్డానికెళ్లినవాళ్లు తోటలోకి దిగి కోసుకు తింటున్నారు.

మేడ మీద పెంచేవాళ్లు అక్టోబర్ చివర్లో, రాత్రుళ్లు చల్లబడ్డాక మొక్కలు తెచ్చుకోవాలి. విత్తనాలు వద్దు. స్ట్రాబెర్రీ గింజ నుంచి తల్లిలాంటి మొక్క రాదు. మొలవడానికే వారాలు పడుతుంది, చలికాలం కాస్తా దానికే చెల్లిపోతుంది. నీలం రంగు స్ట్రాబెర్రీ గింజలని ఆన్‌లైన్‌లో అమ్మేవాటి సంగతి చెప్పనక్కర్లేదు, అలాంటి పండు లోకంలోనే లేదు. ఎనిమిదంగుళాల మట్టికుండీలో ఒక మొక్క. మట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపి నింపాలి. నల్ల ప్లాస్టిక్ కుండీ ఫిబ్రవరి ఎండకే వేళ్లని ఉడికిస్తుంది. నాటిన తొలి మూడు నాలుగు వారాల పూలు ఇక్కడా తుంచాల్సిందే. కాకపోతే మనకున్న చల్లటి రోజులు తక్కువ కాబట్టి అంతకుమించి ఆగకూడదు.

డిసెంబర్ చివరి నుంచి పళ్లు మొదలవుతాయి. ఫిబ్రవరి దాటేసరికి కాయలు గోలీలంతై పులుపెక్కుతాయి. మార్చిలో పూత ఆగుతుంది. మొక్కని తూర్పు ఎండ మాత్రమే తగిలే వరండాలోకి మార్చి, పలచటి నీడవల కింద తడి ఆరకుండా చూస్తే కొన్ని వానాకాలం దాకా బతుకుతాయి. వాటి పిలకల్ని సెప్టెంబర్‌లో చిన్న కుండీల్లోకి పాకించి వేరు పట్టించుకోవచ్చు. ఎక్కువ మొక్కలు మాత్రం మే నెల దాటవు. ఆ పుల్లటి గోలీకాయల్ని పారేయక్కర్లేదు. బరువులో సగం పంచదార, ఓ నిమ్మచెక్క రసం వేసి ఉడికిస్తే, ఫ్రిజ్‌లో వారం రోజులు నిలవుండే చిన్న గిన్నెడు జామ్ అవుతుంది.